టెక్ సందేహాలు: కోళ్ల నీళ్లకు ఫోన్‌లో అలర్ట్

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. పెరట్లో 12 నాటుకోళ్లున్నాయి. మూకుళ్లు తీసేసి నిపుల్ పైపు (కోడి ముక్కుతో పిన్నుని పొడిస్తే నీటి చుక్కలు వదిలే పైపు) పెడదామనుకుంటున్నాం. డాబా మీది ట్యాంకుకి కలపొచ్చా? నీళ్లు అయిపోతే ఫోన్‌కి అలర్ట్ రావాలంటే ఏ సెన్సర్ కొనాలి?

జవాబు: డాబా ట్యాంకుకి నేరుగా వద్దు. 6 మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి దాదాపు 0.6 బార్ ఒత్తిడి ఉంటుంది. ఆ ఒత్తిడికి నిపుల్ పిన్ను బిగుసుకుని కోడి పొడిచినా కదలదు, లేదా కారుతూనే ఉంటుంది. మూత ఉన్న 20 లీటర్ల బకెట్టు చాలు. దాని అడుగు పైపు కంటే 30–40 సెం.మీ. ఎత్తులో, నీడలో ఉండాలి. మూతకి చిన్న రంధ్రం పెట్టడం మర్చిపోకండి, గాలి లోపలికి పోకపోతే నీళ్లు దిగవు. ముప్పావు అంగుళం పీవీసీ పైపుకి అడుగుకొకటి చొప్పున 4 నిపుల్స్, మరకి టెఫ్లాన్ టేపు, చివర విప్పదీసే క్యాపు. నిపుల్స్ నిటారుగా కిందికి వేలాడాలి, కోడి మెడ కాస్త చాచి అందుకునే ఎత్తులో.

ఇక సెన్సర్. ట్యాంకుల కోసం అమ్మే అల్ట్రాసోనిక్ రకం (పైనుంచి శబ్ద తరంగాలు పంపి నీటి మట్టం ఎంత దూరంలో ఉందో కొలిచేది) ఇక్కడ దండగ. వాటర్‌ప్రూఫ్ రకాలు చాలావాటికి 20 సెం.మీ. లోపు దూరం తెలియదు. బకెట్టు లోతే అంతకు రెట్టింపు ఉండదు! ఫ్లోట్ స్విచ్ (నీటి మీద తేలే బిళ్ల కిందికి దిగితే మారే స్విచ్) ఒకటి 5 లీటర్ల మట్టం దగ్గర బిగించండి. ఒక తీగ నోడ్‌ఎమ్‌సీయూ బోర్డులో (వైఫై ద్వారా ఫోన్‌కి అలర్ట్ పంపే చిన్న సర్క్యూట్ బోర్డు) డీ5 అనే పిన్నుకి, రెండోది గ్రౌండ్‌ (జీఎన్‌డీ) పిన్నుకి, కోడ్‌లో పుల్‌అప్ (స్విచ్ తెరిచి ఉన్నప్పుడు ఆ పిన్ను స్థితి తడబడకుండా ఉంచే సెట్టింగ్) ఆన్. 5 వోల్టుల ఫోన్ చార్జర్ సరిపోతుంది. ఈ బోర్డు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటుంది. రేకుల షెడ్డులో సిగ్నల్ అందకపోతే బోర్డును మూత డబ్బాలో పెట్టి బయటి గోడకి తగిలించండి.

ఈ అలర్ట్ తాగిన నీళ్లకీ కారిన నీళ్లకీ తేడా చెప్పదు. 12 కోళ్లు మామూలు రోజుల్లో సుమారు 3 లీటర్లు, ఎండాకాలంలో 5–6 లీటర్లు తాగుతాయి. చీకటి పడ్డాక కోడి నీళ్ల జోలికి పోదు. అందుకే పొద్దుగూకే వేళ బకెట్టు మీద మార్కర్‌తో గీత గీయండి. తెల్లారేసరికి మట్టం ఆ గీత కిందికి దిగిందంటే ఏదో నిపుల్ కారుతోంది. ఎక్కువసార్లు కారణం పిన్ను కింద ఇరుక్కున్న ఇసుక రేణువే. కాలువ నీళ్లయితే తేర్చి, గుడ్డలో వడగట్టి పోయండి. బోరు నీళ్లలో ఇనుము ఉంటే ఎర్ర పూత పడుతుంది, వారానికోసారి క్యాపు విప్పి పైపు ఖాళీ చేయండి.

మార్పు మే ఎండల్లో పెట్టుకోకండి. మొదటి 4–5 రోజులు మూకుడూ పైపూ రెండూ ఉంచి, పొద్దున 2 గంటలు మాత్రం మూకుడు తీయండి. వేలితో నిపుల్ తట్టి చుక్క మెరిసేలా చూపిస్తే ఒక కోడి పొడుస్తుంది, మిగతావి దాన్ని చూసి వస్తాయి. అన్నీ తాగడం కళ్లారా చూశాకే మూకుడు పూర్తిగా తీసేయండి. పొదిగే పెట్టకూ, చిన్న పిల్లలున్న పెట్టకూ మాత్రం మూకుడే. పిల్లలు పడి మునగకుండా అందులో గులకరాళ్లు వేయండి.