‘సిరీస్ మొత్తం’ అని చెప్పి రెండు ఎపిసోడ్లే ఇచ్చారు... కేసు వేయొచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది అంబర్‌పేట. ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఒక ఓటీటీలో కొత్త తెలుగు సిరీస్ వస్తోందని ఆరు నంబర్ బస్టాప్ దగ్గర హోర్డింగ్ చూసి 299 రూపాయల నెల ప్లాన్ తీసుకున్నాను. శుక్రవారం రాత్రి ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుంటే రెండు ఎపిసోడ్లే ఉన్నాయి. మిగతా ఆరూ వారానికొకటి చొప్పున వస్తాయట. నెల తిరిగేసరికి మొత్తం ఆరు ఎపిసోడ్లు వచ్చాయి. చివరి రెండింటి కోసం మళ్లీ 299 కట్టాలా? ఒళ్లు మండి యాప్ డిలీట్ చేశాను, అయినా రెండో నెల డబ్బు కట్ అయింది. ఇది 420 కేసు కాదా? వినియోగదారుల కోర్టుకు వెళ్దామంటే, వివాదాలన్నీ ముంబై కోర్టుల్లోనే అని వాళ్ల షరతుల్లో రాసుంది. మా తమ్ముడేమో ‘ఆ రెండూ టెలిగ్రామ్‌లో చూసెయ్, పోయేదేముంది’ అంటున్నాడు. హోర్డింగ్ ఫొటో, డబ్బు కట్టే ముందు యాప్‌లో వచ్చిన స్క్రీన్‌షాట్ జత చేస్తున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీకు నచ్చని మాట చెప్పేస్తాను. సిరీస్ మొత్తం ఒకేసారి వదలాలా, వారానికొకటి వదలాలా అన్నది వాళ్లిష్టం. చిత్రాన్ని ప్రజలకు చేరవేసే హక్కును 1957 నాటి కాపీరైట్ చట్టం 14వ సెక్షన్ దాని హక్కుదారుకే ఇచ్చింది. ఎప్పుడు, ఎన్ని ముక్కలుగా అన్నదీ అందులోనే వస్తుంది. మొదటిరోజే ఎపిసోడ్లన్నీ పెట్టి తీరాలనే నిబంధన మన దేశంలో ఏ చట్టంలోనూ లేదు.

ఒకేసారి చూసే అలవాటు మనకు చేసిందీ ఈ కంపెనీలే. 2013 ఫిబ్రవరి 1న నెట్‌ఫ్లిక్స్ ‘హౌస్ ఆఫ్ కార్డ్స్’ తొలి సీజన్ 13 ఎపిసోడ్లనూ ఒక్కరోజే పెట్టేసింది. జనం ఒక నెలకు డబ్బు కట్టి, శని ఆదివారాల్లో అంతా చూసేసి, కేన్సిల్ చేసుకుని వెళ్లిపోతే వ్యాపారం ఎలా నడుస్తుంది? దాంతో వెనక్కి తగ్గడం మొదలైంది. ప్రైమ్ వీడియోలో ‘ది బాయ్స్’ మొదటి సీజన్ అంతా ఒకేసారి వచ్చింది. రెండో సీజన్‌కు 2020 సెప్టెంబర్ 4న మూడు ఎపిసోడ్లు పెట్టి, మిగతావి వారానికొకటి ఇచ్చారు. అభిమానులు ఒక్క స్టార్ రేటింగులతో విరుచుకుపడ్డారు. అయినా షెడ్యూలు మారలేదు. నెట్‌ఫ్లిక్స్ కూడా ‘స్ట్రేంజర్ థింగ్స్’ నాలుగో సీజన్‌లో కొంత భాగం 2022 మే 27న, మిగతాది జూలై 1న వదిలింది. రెంటికీ మధ్య 35 రోజులు. నెల ప్లానుకు ఎన్ని రోజులో మీకు తెలుసు. మీరు అకౌంట్స్ మనిషి, అందులోని లెక్క మీకు నేను చెప్పక్కర్లేదు.

వారపత్రికలో సీరియల్‌ను సస్పెన్స్ దగ్గర ఆపినందుకు ఎడిటర్ మీద ఎవరూ దావా వేయలేదు. అయితే పత్రికకు ఏ వారం డబ్బు ఆ వారమే ఇచ్చేవాళ్లం. ఇక్కడ నెల డబ్బు ముందే తీసుకుంటున్నారు. అందుకని, తీసుకునేటప్పుడు మీతో ఏం చెప్పారన్న ఒక్క ప్రశ్న చుట్టూనే మీ కేసు తిరుగుతుంది.

420 సంగతి ఇక్కడే తేల్చేద్దాం. 2024 జూలై 1 నుంచి ఆ సెక్షన్ స్థానంలో భారతీయ న్యాయ సంహిత 318 వచ్చింది. నంబరు మారినా సూత్రం మారలేదు. మొదటినుంచీ మోసం చేయాలనే ఉద్దేశం ఉందని చూపించాలి. సిరీస్ ఉంది, వస్తోంది, మీరు ఆరు ఎపిసోడ్లు చూశారు కూడా. స్టేషన్‌కు వెళ్తే ‘ఇది సివిల్ మ్యాటర్ సార్’ అని పంపించేస్తారు, ఈసారికి వాళ్లు చెప్పేది నిజమే.

ఇక మీ ఫొటోలు. హోర్డింగ్ మీద ‘ఈ 14 నుంచి’ అని మాత్రమే ఉంది. 14 నుంచి వచ్చింది, అందులో అబద్ధం లేదు. దీన్ని పట్టుకుని వెళ్తే అవతలి లాయరు 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన యశ్‌రాజ్ ఫిలిమ్స్ తీర్పు తీసి చూపిస్తారు. ‘ఫ్యాన్’ సినిమా ప్రోమోలో ఊరించిన పాట థియేటర్లో లేదని ఔరంగాబాద్‌కు చెందిన ఒక టీచర్ వేసిన కేసది. రాష్ట్ర వినియోగదారుల కమిషన్, అంటే మీరనే వినియోగదారుల కోర్టే, పది వేల పరిహారం, ఐదు వేల ఖర్చులు ఇప్పించింది. జాతీయ కమిషన్ దాన్నే ఖాయం చేసింది. సుప్రీంకోర్టు మాత్రం కొట్టేసింది. ప్రోమో అంటే జనాన్ని టికెట్ కొనమని ప్రోత్సహించేది, అదే ఒక ఒప్పందం అయిపోదు, కళకు సంబంధించిన సేవలో తయారుచేసేవాళ్లకు కొంత స్వేచ్ఛ ఉంటుంది అని చెప్పింది. ట్రైలర్లు, హోర్డింగులు పట్టుకుని వినియోగదారుల కమిషన్‌కు పరిగెత్తేవాళ్లకు ఈ తీర్పు పెద్ద అడ్డుగోడే.

రెండో ఫొటో వేరు. అది డబ్బు కట్టే బటన్‌కు సరిగ్గా పైన వచ్చిన స్క్రీన్. పెద్ద తెలుగు అక్షరాల్లో ‘299కే సిరీస్ మొత్తం చూసేయండి’ అని ఉంది. దాని కింద, బూడిదరంగు మీద బూడిదరంగులో, ప్రతి శుక్రవారం కొత్త ఎపిసోడ్ అని ఇంగ్లిష్‌లో ఒక లైను. ఫోన్‌లో రెండు వేళ్లతో పెద్దది చేస్తే గానీ నాకు కనపడలేదు. పాట ఉంటుందని ప్రోమో ఆశ పెట్టడం ఒకటి, ఇంత కడితే ఇంత వస్తుందని చెప్పి డబ్బు తీసుకోవడం ఒకటి. రెండోది ధర గురించి ఇచ్చిన మాట. అది నిజం కావాలంటే నెల ప్లాను గడువులోగా ఎనిమిది ఎపిసోడ్లూ రావాలి. మొదటిరోజు రెండు, తర్వాత వారానికొకటి అంటే చివరిది 43వ రోజుకు గానీ రాదు. షెడ్యూలు వాళ్ల చేతిలోనే ఉంది కాబట్టి ఆ లెక్క వాళ్లకు ముందే తెలుసు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఇక్కడ పనికొస్తుంది. సేవాలోపం అంటే ఏమిటో చెప్పే 2(11)లో, చెప్పాల్సిన సమాచారాన్ని కావాలని దాచడాన్ని కూడా చేర్చారు. ముఖ్యమైన విషయం దాచిన ప్రకటన తప్పుదోవ పట్టించేదే అని 2(28) అంటుంది. నాకు ఇంకా బలంగా కనిపిస్తున్నది 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ తెచ్చిన మార్గదర్శకాలు. ప్రకటనలో అసలు మాట ఏ భాషలో చెప్పారో, కింద పెట్టే షరతు కూడా అదే భాషలో ఉండాలి. అదే రకం అక్షరాల్లో ఉండాలి. అసలు మాటకు విరుద్ధంగానూ ఉండకూడదు. ఆశ తెలుగులో పెట్టి షరతు ఇంగ్లిష్‌లో చెప్పడం కుదరదన్నమాట. మన దగ్గర రియల్ ఎస్టేట్ బ్రోచర్ల దగ్గర్నుంచి కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల దాకా అందరూ చేసేది ఇదే అనుకోండి.

ఇది ఖాయంగా గెలిచే కేసు అని మాత్రం అనను. ‘299 ఆ ఒక్క సిరీస్‌కే కాదు, మా దగ్గరున్న సినిమాలన్నిటికీ’ అంటారు. ఆ నెలలో మీరు, మీ పిల్లలు ఇంకేం చూశారో హిస్టరీ తీసి ముందు పెడతారు. ‘మొత్తం’ అంటే మా ఉద్దేశం వేరు అంటారు. వాటికి మీ దగ్గరున్న జవాబు ఆ స్క్రీన్‌షాటే. కాబట్టి ఒరిజినల్ ఫొటోను ఫోన్‌లో అలాగే ఉంచండి. దాని మీద ఎర్ర గీతలు, బాణాలు గీయొద్దు. వాట్సాప్‌లో పంపితే తేదీ, క్వాలిటీ రెండూ పోతాయి, ఈమెయిల్ చేసి పెట్టుకోండి. ఇన్వాయిస్, బ్యాంకు మెసేజీలు కూడా జత చేయండి.

తొందరపడి కమిషన్ మెట్లు ఎక్కొద్దు. మొదట కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో నాలుగు ముక్కలు మెయిల్ పెట్టండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. 299 రూపాయల గొడవలు నూటికి తొంభై ఇక్కడే తెమిలిపోవాలి, అందరూ ఫోన్ చేస్తే తెములుతాయి కూడా. ఒక జాగ్రత్త. ఓటీటీ ఫిర్యాదు అనగానే కొందరు 2021 ఐటీ నిబంధనల కింద అర్జీలు పెడుతుంటారు. అవి సిరీస్‌లో ఏం చూపించారు, ఏ వయసువాళ్లకు తగినది అన్న విషయాలకు. ప్లాను డబ్బుల గొడవ అక్కడ తేలదు.

అప్పటికీ వినకపోతే హైదరాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్. ఐదు లక్షలలోపు కేసుకు ఫీజు లేదు. లాయరు అక్కర్లేదు, నా కడుపు మీద నేనే కొట్టుకుంటున్నా చెబుతున్నాను. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు. రెండేళ్ల గడువుంది. ముంబై షరతు చూసి టెన్షన్ పడకండి. ఫిర్యాదుదారు నివసించే చోటో, పనిచేసే చోటో కేసు వేసుకోవచ్చని చట్టమే 34వ సెక్షన్‌లో చెప్పింది. వినియోగదారుల చట్టం మిగతా చట్టాలకు అదనంగా ఉండేదని 100వ సెక్షన్ అంటుంది. ‘ఆర్బిట్రేషన్‌కే వెళ్లాలి’, అంటే కోర్టు బయట మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలి అని రాసుకున్నా వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకుపోదని ఎమ్మార్ ఎంజీఎఫ్ అనే బిల్డర్ కేసులో 2018లోనే సుప్రీంకోర్టు తేల్చింది. అయితే ఆ షరతులన్నీ ఏకపక్షమని, ఒప్పందమే అన్యాయమని వాదించాలనుకుంటే దానికి రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. మీరు అంత దూరం పోవద్దు. 299, దానికి తోడు ఖర్చులు, కొద్దిపాటి పరిహారం అడగండి చాలు. మానసిక క్షోభకు ఐదు లక్షలని రాస్తే సీరియస్‌గా ఉన్న కేసు కాస్తా కామెడీ అయిపోతుంది.

రెండో నెల డబ్బు గురించి చెప్పాలంటే, అక్కడ పొరపాటు మీదే. యాప్ డిలీట్ చేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ పోదు. ఆటోపేకు మీరిచ్చిన అనుమతి బ్యాంకు దగ్గర అలాగే ఉంటుంది. ఈమధ్య నా దగ్గరకొచ్చే ప్రతి ఓటీటీ, జిమ్ గొడవలోనూ ఇదే కథ. ఫోన్‌లో బొమ్మ పోతే బాకీ పోయిందనుకుంటాం. మీ యూపీఐ యాప్ తెరిచి ఆటోపే లేదా మాండేట్ అన్న చోటికెళ్లి ఈరోజే రద్దు చేయండి. అలా ఎప్పుడైనా రద్దు చేసుకునే వీలు రిజర్వ్ బ్యాంకు నిబంధనల్లోనే ఉంది. ఒక్కటి మాత్రం చూడండి. డబ్బు కట్ అవడానికి కనీసం 24 గంటల ముందు మీకు మెసేజో మెయిలో రావాలి. అది రాకపోతే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. వచ్చుంటే మాత్రం ఆ 299 మీద ఆశ వదిలేసుకోండి. ఎలాగూ కట్టారు కాబట్టి చివరి రెండు ఎపిసోడ్లూ చూసేయండి. చూస్తే మొదటి నెల మీద మీ ఫిర్యాదు బలహీనపడదు. ఆ రెండింటి కోసమే మళ్లీ కట్టాల్సి వచ్చిందన్న మీ మాటకు అదే రుజువు. ఒకవేళ కేన్సిల్ బటన్‌ను ఐదు స్క్రీన్ల వెనక దాచారనుకోండి, అది 2023 నవంబర్ చివర వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (యాప్‌లలో మనల్ని ఏమార్చే డిజైన్లు) మార్గదర్శకాల్లోని సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ కిందికి వస్తుంది. ఆ స్క్రీన్లు కూడా ఫొటో తీసి ఫిర్యాదుకు జోడించండి.

వచ్చేసారి ఏదైనా సిరీస్ నచ్చితే చివరి ఎపిసోడ్ ఎప్పుడో చూసుకుని, ఆ రోజు ప్లాను తీసుకోండి. ఆఫీసులో స్పాయిలర్లు చెప్పేవాళ్ల నోళ్లు మూయించే సెక్షన్ మాత్రం నా దగ్గర లేదు.

మీ తమ్ముడి సలహా వినకండి. దొంగ కాపీలను పెట్టడం, పంచడం కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. ఇంట్లో కూర్చుని చూసినవాడి దాకా పోలీసులు రావడం అరుదే. కానీ ఆ లింకును ఫ్యామిలీ గ్రూపులో ఫార్వర్డ్ చేశారంటే మీరు చూసినవాళ్లు కాదు, పంచినవాళ్లు. పైగా రేపు కమిషన్‌లో ‘ఆ రెండు ఎపిసోడ్లు ఎక్కడ చూశారు?’ అన్నది అవతలి లాయరు వేసే మొదటి ప్రశ్న అవుతుంది.