చెయ్యి తగలని కుళాయికి వై-ఫై ఎందుకు?

ప్రశ్న: హనుమకొండలో మాకు ఐదంతస్తుల వాణిజ్య భవనం ఉంది. కింద దుకాణాలు, పైన ఒక కోచింగ్ సెంటరు, రెండు క్లినిక్‌లు నడుస్తున్నాయి. టాయిలెట్లన్నింటిలో సెన్సర్ నల్లాలు, సెన్సర్ ఫ్లష్‌లు పెట్టిద్దామనుకుంటున్నాం. వై-ఫైకి కలిపే రకం తీసుకుంటే నీటి వాడకమంతా ఫోన్‌లోనే కనిపిస్తుందని డీలరు అంటున్నారు. నమూనాగా పై అంతస్తులో బిగించిన నల్లా మాత్రం సన్నటి ధారతో ఆగి ఆగి వస్తోంది. ఏ రకం తీసుకోమంటారు?

జవాబు: పై అంతస్తు కుళాయి గురించి ఇదే ఫిర్యాదు ఊరి పేరు మారి నాకు వస్తూనే ఉంటుంది. అందులో సెన్సర్ తప్పు లేదు. ఈ కుళాయిల్లోని సొలినాయిడ్ వాల్వు (విద్యుత్తుతో తెరుచుకునే వాల్వు) బ్యాటరీ శక్తితో ఒక సన్నటి రంధ్రాన్ని మాత్రమే తెరుస్తుంది, ఆపైన రబ్బరు పొరను లేపి దారి ఇవ్వవలసింది నీటి ఒత్తిడే. ట్యాంకు నుంచి ప్రతి మీటరు దిగువకు దాదాపు 0.1 బార్ ఒత్తిడి వస్తుంది కనుక, ట్యాంకుకు మూడు నాలుగు మీటర్ల కిందే ఉన్న మీ పై అంతస్తు వాష్‌బేసిన్‌కు అందేది 0.3 లేదా 0.4 బార్ మాత్రమే, చాలా మోడళ్లు అడిగేది కనీసం 0.5 బార్. ఆ అంతస్తుకు చిన్న ప్రెజర్ పంపు పెట్టించండి, లేదా అక్కడ మామూలు కుళాయినే ఉంచండి.

మీవి బోరు నీళ్లయితే ఇంకొక మాట. తాగునీటికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 10500 కాఠిన్యాన్ని, అంటే నీటిలో కరిగిన సున్నం వంటి లవణాలను, లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఆమోదిస్తుంది, వేరే నీటి వనరు లేనప్పుడు 600 వరకు అనుమతిస్తుంది. మనుషులు ఎలాగో సర్దుకుపోయే ఆ నీళ్లతో ఈ వాల్వులు సర్దుకోలేవు. సున్నం పేరుకుని రబ్బరు పొర సరిగా కూర్చోకపోతే కుళాయి కారుతూనే ఉంటుంది, నీటి పొదుపు కోసం కొన్న వస్తువే ట్యాంకును ఖాళీ చేస్తుంది. ఫిల్టరు జాలీని క్రమం తప్పకుండా కడిగించే మనిషి, సెన్సర్ అద్దం మీద యాసిడ్ పోయకూడదని తెలిసిన సిబ్బంది లేని భవనానికి ఈ ఖర్చు దండగ.

ఇక నన్ను నిజంగా కలవరపెట్టేది వై-ఫై సంగతి. చెయ్యి అడ్డు వస్తే నీరు వదలడానికి, చెయ్యి తీస్తే ఆపడానికి ఇన్‌ఫ్రారెడ్ కాంతి ప్రతిఫలనం ఒక్కటి చాలు. ఆ పనికి ఇంటర్నెట్‌తో ఏ సంబంధమూ లేదు. అయినా తయారీదారులు ప్రతి కుళాయికీ ఒక యాప్, ఒక ఖాతా, ఎక్కడో దూరాన ఒక సర్వర్ తగిలిస్తున్నారంటే, అది కొనేవారి అవసరం కంటే అమ్మేవారి నెలవారీ చందా కోసమేనన్నది నా అభిప్రాయం. చందా కట్టడం మీరు మానేసినా, ఆ కంపెనీ సర్వర్ మూతపడినా, ఆ యాప్ మూగబోతుంది. రేపటి అప్‌డేట్ తరువాత పాత మోడళ్లను గుర్తించడం మానేసే అవకాశం కూడా లేకపోలేదు.

మరుగుదొడ్డి మీద దాడి ఎవరు చేస్తారని నవ్వుకునేవారికి ఒక పాత సంగతి చెప్పాలి. జపాన్‌లో తయారైన ఒక ఖరీదైన టాయిలెట్‌ను ఫోన్ యాప్‌తో నడిపేందుకు పెట్టిన బ్లూటూత్ పిన్ అన్నింటికీ ఒకటే, 0000 అని, దాన్ని మార్చే వీలు కూడా లేదని 2013లో భద్రతా పరిశోధకులు బయటపెట్టారు. దగ్గరలో ఉన్న ఎవరైనా ఆ యాప్ దించుకుని ఫ్లష్ నొక్కవచ్చు, మూత లేపవచ్చు. తలుపుకు తాళం వేసి తాళంచెవి గుమ్మానికే వేలాడదీసే ఈ అలవాటు పరిశ్రమను ఇప్పటికీ పూర్తిగా వదలలేదు. మీ భవనం విషయంలో రాత్రివేళ ఎవరో ఫ్లష్‌లన్నీ తెరిచి ట్యాంకు ఖాళీ చేయడం ఒక చికాకు మాత్రమే. ఏ అంతస్తులో ఏ గంటకు మనుషులు ఉండరో, మహిళల టాయిలెట్‌లో వాడకం ఎప్పుడు సద్దుమణుగుతుందో కుళాయి లెక్కలే చెప్పేస్తాయి కనుక, ఆ లెక్కలు బయటివారి చేతికి చిక్కడం అంతకంటే పెద్ద ప్రమాదం.

అన్నింటికంటే పెద్ద ప్రమాదం కుళాయి దాటి లోపలికి వెళ్లడం. అమెరికాలో టార్గెట్ అనే రిటైల్ సంస్థ నుంచి 2013లో దాదాపు 4 కోట్ల కార్డుల వివరాలు దొంగిలించినవారు, ఆ సంస్థకు ఏసీ, రిఫ్రిజిరేషన్ పనులు చేసే ఒక కాంట్రాక్టరు పాస్‌వర్డ్‌తోనే లోపలికి ప్రవేశించారు. మీ దుకాణాల బిల్లింగ్ యంత్రాలు, క్లినిక్‌ల రోగుల రికార్డులు నడిచే వై-ఫై పాస్‌వర్డ్‌నే కుళాయిల గేట్‌వేకు (వాటిని ఇంటర్నెట్‌కు కలిపే పెట్టెకు) కూడా ఇచ్చి, దాని నిర్వహణను ఊళ్లోని భవనాలన్నింటికీ ఒకే లాగిన్ వాడే ఇన్‌స్టాలరుకు అప్పగిస్తే, దొంగలకు మీరు తెరిచేది కూడా అదే దారి. ఇక్కడ తప్పు డిజైన్‌ది మాత్రమే కాదు, "ప్లంబింగ్ పనే కదా" అని ఐటీ మనిషిని సంప్రదించని యజమానులది కూడా.

అందుకే నా సలహా ఇది: నెట్‌వర్క్ లేని, బ్యాటరీ లేదా అడాప్టరుతో నడిచే సెన్సర్ కుళాయిలే కొనండి. నీటి లెక్క కావాలంటే ప్రతి అంతస్తుకు దిగే పైపు మీద ఒక మీటరు బిగించి, వారానికోసారి వాచ్‌మన్ చేత అంకె రాయించండి. ఇంటర్నెట్‌కు కలిపే క్లౌడ్ రకమే కావాలని మీ భాగస్వాములు పట్టుబడితే, దానికి వేరే సిమ్‌తో వేరే కనెక్షన్ పెట్టించండి, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ను మీ ముందే మార్పించండి, చివరి వాయిదా చెల్లించే ముందు రౌటర్ కట్టేసి ప్రతి కుళాయి, ప్రతి ఫ్లష్ పనిచేస్తోందో లేదో చూడండి. రౌటర్ ఆగగానే ఆగిపోయే కుళాయిని వెనక్కి పంపండి.

అసలు "టచ్‌లెస్" అన్న మాట మీదే నాకు పేచీ ఉంది. మన టాయిలెట్లలో తలుపు గడియ, హెల్త్ ఫాసెట్, బకెట్, మగ్గు అన్నీ చేత్తో పట్టుకోవలసినవే. వాటిని అలాగే వదిలేసి చివరి కుళాయికి మాత్రం సెన్సర్ పెట్టి, మొత్తం టాయిలెట్ పరిశుభ్రమైందని బోర్డు కడుతున్నారు. 2020లో కపుర్తలా రైలు కోచ్ ఫ్యాక్టరీ కోవిడ్ కాలానికి తయారు చేసిన బోగీలో కుళాయికీ, సబ్బుకీ, ఫ్లష్‌కీ, టాయిలెట్ తలుపు గడియకూ కూడా కాలితో నొక్కే ఏర్పాటు చేశారు. అందులో చిప్ లేదు, బ్యాటరీ లేదు, దొంగిలించడానికి పాస్‌వర్డూ లేదు. చేతులతో ముట్టే ప్రతి చోటునూ లెక్కలోకి తీసుకున్న ఆలోచన అది.

మీ క్లినిక్‌ల విషయంలో ఇంకాస్త జాగ్రత్త అవసరం. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో సెన్సర్ కుళాయిల నీటిని, మామూలు కుళాయిల నీటిని పక్కపక్కన పరీక్షించి 2011లో వెల్లడించిన ఫలితాల ప్రకారం, న్యుమోనియాకు కారణమయ్యే లెజియోనెల్లా బ్యాక్టీరియా మొదటి రకం నమూనాల్లో 50 శాతంలోనూ రెండో రకంలో 15 శాతంలోనూ కనిపించింది. వాల్వు లోపలి భాగాలే సూక్ష్మజీవులకు ఆశ్రయం ఇస్తున్నాయని భావించి, రోగులకు చికిత్స చేసే విభాగాల్లో ఆ ఆసుపత్రి పాత తరహా కుళాయిలకే మళ్లింది. గోరువెచ్చటి నిల్వ నీరు ఆ బ్యాక్టీరియాకు అనుకూలం, మన ఎండల్లో ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు. క్లినిక్‌లలో మోచేతితో తిప్పే పొడుగు పిడి కుళాయిలు పెట్టించండి.

ప్రశ్న: రాజమహేంద్రవరంలో మా హోటల్ వాష్‌బేసిన్ దగ్గర సెన్సర్ కుళాయి అర్ధరాత్రి ఎవరూ లేకుండానే తెరుచుకుంటోంది. ఎవరైనా హ్యాక్ చేశారా?

జవాబు: మీ కుళాయికి వై-ఫై గానీ బ్లూటూత్ గానీ లేకపోతే దూరం నుంచి హ్యాక్ చేయడానికి అందులో ఏమీ లేదు. మెరిసే స్టీలు బేసిన్ నుంచి తిరిగి వచ్చే కాంతిని, అద్దం మీద నిలిచిన నీటి బొట్టును కూడా సెన్సర్ చెయ్యి అనుకుంటుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు ఒకసారి తెరుచుకుని మూసుకునే మోడళ్లు కూడా ఉన్నాయి. అద్దాన్ని పొడి గుడ్డతో తుడిపించి, సెన్సర్ పసిగట్టే దూరాన్ని తగ్గించమని మెకానిక్‌కు చెప్పండి, బ్యాటరీ రకమైతే బ్యాటరీలు కూడా మార్పించండి. తెరుచుకున్నది మూసుకోకుండా కారుతూనే ఉంటే మాత్రం అది చాలావరకు సెన్సర్ లోపం కాదు, వాల్వుది; బేసిన్ కింద నీటిని ఆపే యాంగిల్ కాక్ కట్టేసి వాల్వు విప్పించి చూడండి.