సమాధానం: బోర్డు రికార్డులో ఏమీ లేకపోతే ఫిర్యాదులు లేనట్టేనా?

లేనట్టు కాదండీ. మీ అమ్మగారికి ఆపరేషన్ చేయబోయే సర్జన్ పేరు, డాక్టర్లకు లైసెన్సులిచ్చే కాలిఫోర్నియా మెడికల్ బోర్డు రికార్డులో వెతికితే ఏమీ కనిపించలేదన్నారు. అక్కడ ఫిర్యాదులూ వాటిపై విచారణా గోప్యం. ఫోను చేసి అడిగినా చెప్పరు. ఫిర్యాదులో పస ఉందని విచారణలో తేలి, రాష్ట్ర ప్రభుత్వ న్యాయ విభాగమైన అటార్నీ జనరల్ కార్యాలయం ద్వారా అభియోగపత్రం దాఖలైతే సాధారణంగా అప్పుడే విషయం బయటికి వస్తుంది. ఆ పత్రాన్ని ఎవరైనా చదువుకోవచ్చు. అయితే అభియోగం ఇంకా రుజువు కాదు సుమా!

వైద్యంలో పొరపాట్లపై వచ్చిన నష్టపరిహారపు తీర్పులు బోర్డు రికార్డులో చూపిస్తారు గానీ రాజీ చేసుకున్న కేసులన్నీ చూపించరు. అందుకని కౌంటీ సుపీరియర్ కోర్టులో ఆ డాక్టర్ పేరుతో సివిల్ కేసులు వెతకండి. నా దృష్టిలో అదే ఎక్కువ పనికొస్తుంది. డాక్టర్లు కట్టిన నష్టపరిహారాలూ వారిపై చర్యలూ నమోదు చేసే, 1990లో మొదలైన జాతీయ డేటా బ్యాంకు (నేషనల్ ప్రాక్టీషనర్ డేటా బ్యాంక్) జోలికి వెళ్లకండి. అది ఆసుపత్రులూ లైసెన్సు బోర్డుల వంటి సంస్థలకే గానీ మనబోటి వాళ్లకు తెరుచుకోదు. ఆయన అంతకుముందు వేరే రాష్ట్రంలో పనిచేసి ఉంటే అక్కడి బోర్డులోనూ చూడండి.