క్లాట్ రాయబోయే వైష్ణవికి

అమ్మా వైష్ణవీ,

నువ్వు లా చదువుతానన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పగానే కడుపు నిండిపోయిందే. మనింట్లో రెండో నల్లకోటు నీదే కావాలి. అప్పుడే రాజ్యాంగం పుస్తకం కొన్నావట. దాన్ని బీరువాలో పెట్టు, సీటొచ్చాక చదువుదువుగానీ.

క్లాట్ అంటే నేషనల్ లా యూనివర్సిటీల్లో సీటుకు రాసే ప్రవేశ పరీక్ష కదా, అది నీకు చట్టం ఎంత వచ్చో అడగదు. చదివింది ఎంత త్వరగా, ఎంత సరిగ్గా పట్టుకున్నావో చూస్తుంది. 120 నిమిషాలు, 120 ప్రశ్నలు, తప్పు రాస్తే పావు మార్కు కోత. పేపరంతా ఇంగ్లీషే, 450 పదాల దాకా సాగే పేరాలు.

ఒకటి చెప్తాను చూడు. మైనరు చేసుకున్న ఒప్పందం చెల్లదని పేరాలో ఉంటుంది. పదిహేడేళ్ల కుర్రాడొకడు వయసు దాచి బండి కొన్నాడని ప్రశ్నలో ఇస్తారు. ‘అబద్ధమాడాడు కదా, డబ్బు కట్టాల్సిందే’ అని మనసు లాగుతుంది. ఆగి పేరా మళ్లీ చూడు. అబద్ధమాడితే ఏమవుతుందో అందులో ఒక్క ముక్క కూడా లేదు. అంటే ఒప్పందం చెల్లదు, అంతే. (ఇలాంటి కేసే 1903లో ప్రీవీ కౌన్సిల్ దాకా, అంటే బ్రిటిష్ వాళ్ల కాలంలో మనకు పైకోర్టు దాకా వెళ్లింది. లా కాలేజీలో ఎలాగూ చెప్తారు, ఇప్పుడు నీకు అక్కర్లేదు.) లీగల్ రీజనింగ్ అనే ఈ భాగంలో తెలివైన పిల్లలు మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే, సొంత న్యాయం చెప్పబోయి.

అందుకని రోజూ పొద్దున ఇంగ్లీషు పేపర్లో ఒక సంపాదకీయం చదువు. మూసేసి, రాసినాయన ఏమంటున్నాడో, ఎందుకంటున్నాడో తెలుగులో రెండు వాక్యాలు నోటుబుక్కులో రాయి. అమ్మమ్మకు చదివి వినిపించు. ఆవిడకు అర్థమైతే నీకూ అర్థమైనట్టే. కరెంట్ అఫైర్స్ కూడా సగం అందులోనే వచ్చేస్తాయి. లెక్కలు పదో తరగతివే, పదీ పద్నాలుగు ప్రశ్నలకు మించవు, భయపడకు.

మాక్ టెస్టులు ఫోన్లో రాయకు. నా దగ్గర జూనియర్‌గా ఉన్న అమ్మాయి అన్నీ ఫోన్లోనే రాసి వెళ్లింది. హాల్లో ఓఎంఆర్ అనే జవాబు కాగితం మీద గళ్లు పెన్నుతో నింపేసరికి టైమైపోయి, జవాబులు తెలిసిన ప్రశ్నలు పన్నెండు వదిలేసొచ్చింది. నువ్వు కాగితం మీద, పెన్నుతో, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కూర్చుని రాయి. అసలు పరీక్ష ఈమధ్య డిసెంబరులో ఆ వేళకే పెడుతున్నారు.

ఇక అప్లికేషన్. చివరి తేదీ దాకా ఆగొద్దు. నివాస, కుల ధ్రువపత్రాలకు ఈ వారమే మీసేవకు వెళ్లమని నాన్నతో చెప్పు. శామీర్‌పేటలోని నల్సార్ లా యూనివర్సిటీలో తెలంగాణ పిల్లలకు విడిగా సీట్లున్నాయి, ఫారంలో ఆ కోటా గడి టిక్కు పెట్టడం మాత్రం మరవకు. మా క్లయింటు కొడుకు అదొక్కటి వదిలేశాడు. ర్యాంకొచ్చింది, సీటు రాలేదు. ఢిల్లీ లా యూనివర్సిటీ క్లాట్‌లో లేదు, దానికి ఐలెట్ అని వేరే పరీక్ష, వేరే ఫారం. మన రాష్ట్రంలోని లా కాలేజీలకు పెట్టే లాసెట్ కూడా రాయి, అందులో చిన్నతనమేమీ లేదు.

దసరాకి వచ్చేటప్పుడు ఆ నోటుబుక్కు పట్టుకురా. నేనూ చూస్తాను.

మీ పెద్దమ్మ