రికార్డు పాటలు కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఎలా?

ప్రశ్న: ఇంట్లో నాన్నగారు కొన్న ఎల్పీ రికార్డులు చాలానే ఉన్నాయండీ, ప్లేయర్ కూడా బానే తిరుగుతోంది. పాటలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిద్దామని ప్లేయర్ వైరు తెచ్చి లాప్‌టాప్ మైక్ పిన్నులో పెట్టాను. పాట వస్తోంది గానీ బేస్ అస్సల్లేదు, పీలగా ఉంది, పైగా గుయ్‌మని ఒకటే మోత. ఏ సాఫ్ట్‌వేర్ వాడితే బాగవుతుంది?

జవాబు: సాఫ్ట్‌వేర్ జోలికి అప్పుడే వెళ్లకండి, తేడా అంతా వైరు దగ్గరే ఉంది. రికార్డు చెక్కేటప్పుడే బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచి చెక్కుతారు, ఎందుకంటే బేస్ ఉన్నదున్నట్టు చెక్కితే గాడి వెడల్పయిపోయి ఒక సైడులో పాటలు తక్కువ పడతాయి, ట్రెబుల్ పెంచేదేమో గరగర తగ్గడానికి. వినేటప్పుడు దీన్ని మళ్లీ తిరగెయ్యాలి కదా, ఆ పని చేసేదే ఫోనో ప్రీయాంప్. ముల్లు దగ్గర పుట్టే సిగ్నల్ కూడా మామూలుగా ఏ 5 మిల్లీవోల్టులో ఉంటుంది, దాన్ని పెంచేదీ ఇదే. ముందు ప్లేయర్ వెనక ఫోనో, లైన్ అని స్విచ్ ఉందేమో చూడండి, ఉంటే ప్రీయాంప్ లోపలే ఉన్నట్టు, లైన్‌లో పెడితే చాలు, లేకపోతే విడిగా కొనాలి. లాప్‌టాప్ మైక్ పిన్ను చాలావాటిలో మోనోనే, అంటే స్టీరియోలా కుడి ఎడమలు విడిగా రావు, అందుకని లైన్ ఇన్ (ప్రీయాంప్ వైరు పెట్టే పిన్ను) ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్ఫేస్, అంటే పాటని కంప్యూటర్‌లోకి పంపే చిన్న పెట్టె, తీసుకోండి. ఆ గుయ్ మోతకి చాలాసార్లు కారణం ప్లేయర్ నుంచి వచ్చే సన్న ఎర్త్ వైరు వేలాడుతూ ఉండటం, దాన్ని ప్రీయాంప్ స్క్రూకి బిగించండి.

ఇక రికార్డింగ్‌కి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ చాలు, ఫ్రీయే. 24 బిట్, 44,100 హెర్ట్జ్ పెట్టుకుని, పాటలో బాగా గట్టిగా వచ్చే చోట కూడా మీటర్ మైనస్ 6 డీబీ దాటకుండా చూసుకోండి. లెవెల్ తక్కువైతే తర్వాత పెంచుకోవచ్చు, ఎక్కువై సౌండ్ పగిలిందంటే మాత్రం ఆ రికార్డు మళ్లీ మొదట్నుంచీ వెయ్యాల్సిందే. సైడు మొత్తం ఒకేసారి రికార్డ్ చేసేసి పాటలు తర్వాత కోసుకోండి.

టిక్కుటిక్కులు తీసే ఆప్షన్ ఉంది కదా అని దుమ్ముతోనే రికార్డు వేసేస్తారు చాలామంది, నాకైతే అది అస్సలు నచ్చదు! ముందు బ్రష్‌తో రికార్డూ ముల్లూ శుభ్రం చేస్తే సగం గోల అక్కడే పోతుంది. నాయిస్ రిడక్షన్ మరీ ఎక్కువ వాడితే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టుంటుంది, కొంచెం గరగర ఉంటే ఉండనివ్వండి, పాట బతికుంటుంది. ఏం మార్చినా కాపీలోనే మార్చండి, ఒరిజినల్‌ని ముట్టుకోకుండా ఫ్లాక్ (FLAC) ఫైలుగా దాచండి, క్వాలిటీ పోదు, వేవ్ (WAV) ఫైలు కన్నా సైజూ తక్కువే. ఫోన్‌లో వినడానికి ఎంపీ3.

ప్రశ్న: నా ప్లేయర్‌లో 33, 45 స్పీడులే ఉన్నాయి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత 78 రికార్డులు ఎక్కించొచ్చా?

జవాబు: ఎక్కించొచ్చండీ. 45లో వేసి రికార్డ్ చేసి, ఆడాసిటీలో చేంజ్ స్పీడ్‌తో 73.3 శాతం పెంచండి. చేంజ్ టెంపో వాడితే శృతి కిందే ఉండిపోతుంది, అది వద్దు. ఈ పద్ధతిలో బేస్, ట్రెబుల్ లెక్క కాస్త తప్పుతుంది, ఈక్వలైజర్‌తో చెవికి నచ్చినట్టు సర్దుకోవాలి. ముల్లు మాత్రం 78లకని వేరే ఉంటుంది, వాటి గాడి వెడల్పుగా ఉంటుంది, ఎల్పీ ముల్లు అడుక్కి దిగిపోయి గరగరే ఎక్కువ వినిపిస్తుంది. ఇంకోటి, పాత 78లు ఎక్కువగా లక్కతో చేసినవి, ఆల్కహాల్ ఉన్న క్లీనర్ తగిలితే కరుగుతాయి జాగ్రత్త.