ట్రక్కు క్యాబిన్‌లో చప్పుడు తగ్గించడానికి ఇంటి కప్పుకి వేసే టేపు పనికొస్తుందా?

రేకు అదురు తగ్గించడానికి కారు ఆడియో షాపుల్లో దొరికే డ్యాంపింగ్ షీట్ల ఖరీదు ఎక్కువ కాబట్టి, కప్పు లీకులకు వాడే అల్యూమినియం పూత టేపు అతికించవచ్చా అన్నది ప్రశ్న. నిక్షేపంగా అతికించవచ్చు, కానీ బ్యూటైల్ రబ్బరుదే కొనండి. తారు టేపు ఇంకా చవకే, అయితే ఎండకు క్యాబిన్ కాగినప్పుడు మెత్తబడి జారుతుంది, వాసన కూడా ఓ పట్టాన వదలదు.

ముందు తలుపు లోపలి ప్యానెల్ విప్పి, రేకును వేలి కణుపుతో కొట్టి చూడండి. ఖాళీ డబ్బాలా టంగుమని మోగిన చోటే టేపు కావాలి. రేకంతా కప్పక్కర్లేదు, మధ్యలో పావు వంతు మేర అతికించినా మోత బాగా తగ్గుతుంది. దుమ్ము, జిడ్డు తుడిచి రోలర్‌తో గట్టిగా నొక్కండి. కింద గాలి బుడగ మిగిలితే ఆ చోట టేపు దండగ. తలుపు అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మాత్రం దయచేసి మూయకండి, తుప్పు తినేస్తుంది.

టేపు ఆపేది రేకు అదురునే. ఇంజను హోరు, టైర్ల రొద ఆగాలంటే బరువు ఉండాలి: నేల మీద నీరు పీల్చని క్లోజ్డ్ సెల్ ఫోమ్, దానిపైన మందపాటి బరువైన వినైల్ షీటు. కేబుళ్లు దూరే కన్నాలు కూడా పూడ్చాలి, చిన్న సందు ఉన్నా శబ్దం దూరుతుంది.

థర్మోకోల్ వద్దు. తేలిక కాబట్టి శబ్దాన్ని ఆపదు, పైగా నిప్పు తగిలితే ఇట్టే అంటుకుంటుంది.