విదేశాలకు వెళ్ళాక ఇండియాలో ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ వేయాలా? నా అనుభవంతో జవాబు

మీరు అడిగింది ఇది కదా: అక్టోబరు రెండో వారం దాకా ఇండియాలో ఒక ప్రైవేటు కంపెనీలో చేశారు, తర్వాత వేరే దేశంలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయారు, పాత కంపెనీ టీడీఎస్ (జీతంలోంచే ముందుగా కోసే పన్ను) కట్ చేసి ఫారం 16 (ఆ జీతం, కోత వివరాల సర్టిఫికెట్) కూడా ఇచ్చేసింది. ఇక ఈ ఏడాదికి రిటర్న్ వేయాలా, వచ్చే ఏడాది నుంచి ఇక్కడ జీతమే రాదు కాబట్టి మొత్తానికే వదిలేయొచ్చా అని.

వెళ్ళిన ఏడాదికి మాత్రం వేసి తీరాలి. ఆ తర్వాతి సంవత్సరాల్లో వేయాలా వద్దా అన్నది ఇక్కడ మీకు ఏం ఆదాయం మిగిలి ఉంది అనేదాన్ని బట్టి ఉంటుంది. నేను ఈ వెళ్ళిన ఏడాది దగ్గరే పొరపాటు చేశాను, తెలిసినవాళ్ళలో చాలామంది అక్కడే చేస్తున్నారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను 2021 ఆగస్టు 12న ఐర్లాండ్ వెళ్ళాను. ఏప్రిల్ నుంచి ఆ రోజు దాకా వచ్చిన జీతం 5 లక్షల 26 వేలు. కానీ కంపెనీ వాళ్ళు టీడీఎస్ లెక్క వేసేటప్పుడు ఏడాది పొడుగునా అక్కడే ఉంటానని అనుకుని 14 లక్షల పైన వచ్చే జీతానికి నెలనెలా కోస్తారు కదా, అలా నాలుగు నెలలకు దాదాపు 64 వేలు కోశారు, ఆఖరి సెటిల్‌మెంట్‌లో కూడా దాన్ని సరిచేయలేదు. నేనేమో కొత్త ఊరు, ఇల్లు వెతుక్కోవడం, పిల్ల స్కూలు, ఈ హడావుడిలో పడి 'పన్ను ఎలాగూ కట్ అయింది, మనం దేశంలోనే లేం, ఇంకేం రిటర్న్' అనుకుని వదిలేశాను. 2022 జులై 31 గడువు దాటిపోయింది. డిసెంబరులో ఏదో పనిమీద ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లోకి వెళ్ళి ఫారం 26ఏఎస్ (మన పేరు మీద కట్టిన పన్నుల పట్టిక) చూస్తే అప్పుడు తెలిసింది నా డబ్బు ఎంత అక్కడ కూర్చుందో.

డిసెంబరు 31 దాకా ఆలస్య రుసుముతో వేయొచ్చు కాబట్టి కంగారుగా ఎప్పటిలాగే ఐటీఆర్-1 (జీతగాళ్ళు మామూలుగా వేసే సులువైన రిటర్న్ ఫారం) తీసి, రెసిడెంట్ అని పెట్టి వేసేశాను. స్టాండర్డ్ డిడక్షన్ 50 వేలు, పీఎఫ్ పోగా పన్ను పడే ఆదాయం నాలుగున్నర లక్షలు తేలింది, 5 లక్షల లోపు కాబట్టి రిబేటు వచ్చి పన్ను సున్నా అని చూపించింది. సంతోషంగానే ఉంది కానీ మనసులో ఏదో తేడా కొట్టింది, రాత్రి కూర్చుని రూల్ చదివాను. అక్కడ రెండు తప్పులు చేశాను. నేను ఆ ఏడాది లెక్క ప్రకారం నాన్ రెసిడెంట్‌ని, అంటే పన్ను లెక్కలో ఎన్‌ఆర్‌ఐని, ఎన్‌ఆర్‌ఐ ఐటీఆర్-1 వాడకూడదు, జీతం మాత్రమే ఉన్నా ఐటీఆర్-2 వేయాలి. రెండోది, ఆ రిబేటు (సెక్షన్ 87ఏ కింద ఇచ్చే పన్ను తగ్గింపు) రెసిడెంట్లకే, మనకు వర్తించదు. కాబట్టి నేను కట్టాల్సిన పన్ను సున్నా కాదు, సెస్సుతో కలిపి సుమారు 10,400. మళ్ళీ ఐటీఆర్-2లో రివైజ్డ్ రిటర్న్ వేశాను. ఆదాయం 5 లక్షల లోపు కాబట్టి ఆలస్య రుసుము 1,000 పడింది (అంతకు మించితే 5,000). అన్నీ పోను 52 వేల చిల్లర రీఫండ్ వచ్చింది. ఇంకో నాలుగు వారాలు ఆలస్యంగా చూసుకుని ఉంటే ఆ డబ్బు కోసం ఆలస్యాన్ని మన్నించమని డిపార్ట్‌మెంట్‌కి విడిగా అర్జీ పెట్టుకుని తిరగాల్సి వచ్చేది. ఐటీఆర్-యు అని గడువు దాటాక కూడా వేసుకునే రిటర్న్ ఒకటుంది, కానీ దాంతో రీఫండ్ అడగడానికి వీల్లేదు, అది అదనంగా పన్ను కట్టేవాళ్ళ కోసమే.

ఇప్పుడు మీ సంగతి. అసలు విషయం రోజుల లెక్క. ఉద్యోగం కోసం దేశం విడిచి వెళ్ళే భారత పౌరుడు ఆ ఆర్థిక సంవత్సరంలో ఇండియాలో 182 రోజులకు తక్కువ ఉంటే నాన్ రెసిడెంట్, 182 లేదా అంతకు మించితే రెసిడెంట్. ఏప్రిల్ 1 నుంచి లెక్కపెడితే సెప్టెంబరు 28కి 181 రోజులు అవుతాయి, విమానం ఎక్కిన రోజు కూడా లెక్కలో వేసుకోండి. నేను 134 రోజులే ఉన్నాను కాబట్టి నాన్ రెసిడెంట్. మీరు అక్టోబరు రెండో వారంలో వెళ్ళారు అంటే అప్పటికే 190 దాటిపోయాయి. కాబట్టి ఆ ఏడాదికి మీరు పూర్తి రెసిడెంట్. దీని అర్థం చాలామందికి మింగుడుపడదు: అక్టోబరు నుంచి మార్చి దాకా విదేశంలో సంపాదించిన జీతం కూడా ఇక్కడి రిటర్న్‌లో చూపించాలి. ఫారం 16లో ఉన్నదొక్కటే చూపించి ఐటీఆర్-1 వేస్తే అది తప్పు రిటర్న్ అవుతుంది.

భయపడకండి, అదే జీతానికి రెండుచోట్లా పూర్తి పన్ను పడదు. మీరున్న దేశంతో మనకు పన్ను ఒప్పందం ఉంటే (అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, జర్మనీ అన్నిటితోనూ ఉంది) అక్కడ కట్టిన పన్నును ఇక్కడి పన్నులోంచి తగ్గించుకోవచ్చు. దానికి ఫారం 67 అని పోర్టల్‌లోనే విడిగా నింపాలి. మా తమ్ముడు నవంబరు ఆఖరులో జర్మనీ వెళ్ళాడు, సరిగ్గా మీ పరిస్థితే. నాలుగు నెలల జర్మనీ జీతాన్ని స్టేట్ బ్యాంక్ టీటీ బయింగ్ రేటు (బ్యాంకు విదేశీ డబ్బు కొనే ధర) ప్రకారం రూపాయల్లోకి మార్చి, అక్కడి పేస్లిప్పుల్లో నెలనెలా కోసిన పన్ను ఎంతో చూపించి ఫారం 67 వేశాడు. అక్కడి పన్ను రేటు ఇక్కడికంటే ఎక్కువే కాబట్టి ఆ జీతం మీద ఇక్కడ అదనంగా ఏమీ కట్టాల్సి రాలేదు, పాత కంపెనీ కోసిన దాంట్లో కాస్త వెనక్కి కూడా వచ్చింది. అయితే ఇక్కడ ఒక్క విషయం: క్రెడిట్ ఇచ్చేది అక్కడ కట్టిన పన్ను, ఆ ఆదాయం మీద ఇక్కడ పడే పన్ను, రెండిట్లో ఏది తక్కువైతే అంతే. అక్కడ ఎక్కువ కట్టాం కదా అని ఆ మిగతాది ఇక్కడ ఇవ్వరు. దుబాయ్ లాంటి చోట జీతం మీద పన్నే లేదు, కాబట్టి అక్టోబరులోనో ఆ తర్వాతో గల్ఫ్ వెళ్ళినవాళ్ళు ఆ ఏడాది మార్చి దాకా వచ్చిన జీతానికి ఇక్కడ పన్ను కట్టాల్సి రావొచ్చు. వెళ్ళే తేదీ మన చేతిలో ఉంటే సెప్టెంబరు 28 లోపే వెళ్ళడానికి చూడమని నేను అడిగినవాళ్ళందరికీ చెప్తాను.

మీకు వర్తించే ఇంకో ముఖ్యమైన పని, షెడ్యూల్ ఎఫ్‌ఏ, అంటే రిటర్న్‌లో విదేశీ ఆస్తులు రాసే భాగం. ఆ ఏడాది మీరు రెసిడెంట్ కాబట్టి డిసెంబరు 31 లోపు అక్కడ తెరిచిన బ్యాంకు ఖాతా, కంపెనీ వాళ్ళు ఇచ్చిన షేర్లు ఉంటే అవి, అన్నీ అందులో రాయాలి. ఈ ఒక్క షెడ్యూల్‌కి ఆర్థిక సంవత్సరం కాదు, జనవరి నుంచి డిసెంబరు దాకా ఉండే క్యాలెండర్ సంవత్సరం లెక్క. ఖాతాలో రెండు నెలల జీతమే ఉంది కదా అని వదిలేయకండి. 2015 నల్లధనం చట్టం కింద, చూపించని విదేశీ ఆస్తికి 10 లక్షల జరిమానా వేసే వీలుంది. 2024 అక్టోబరు నుంచి ఇళ్ళు, స్థలాలు కాకుండా మిగతావి మొత్తం 20 లక్షల లోపు ఉంటే ఆ జరిమానా లేదని సడలించారు, అయినా రాయాల్సిన బాధ్యత పోలేదు.

రోజుల లెక్కలో ఇంకో ఉచ్చు ఉంది, నా స్నేహితుడొకడు పడ్డాడు. సెప్టెంబరు 10న వెళ్ళాడు, అప్పటికి 163 రోజులు, హాయిగా ఎన్‌ఆర్‌ఐ అనుకున్నాడు. జనవరిలో సంక్రాంతికి వచ్చి మూడు వారాలు ఉన్నాడు. 184 అయింది. వెళ్ళాక మధ్యలో వచ్చి ఉన్న రోజులు కూడా అదే ఏడాది లెక్కలో కలుస్తాయి. అందుకే పాస్‌పోర్టు స్టాంపుల ఫొటోలు, విమానం టికెట్లు దాచుకోండి, మార్చి 31 దాకా ఎన్ని రోజులు మిగిలాయో చూసుకుని టికెట్ బుక్ చేసుకోండి.

ఇక వచ్చే ఏడాది నుంచి. మీరు నాన్ రెసిడెంట్ అయ్యాక విదేశంలో చేసే పనికి విదేశంలోనే తీసుకునే జీతం మీద ఇక్కడ పన్ను లేదు, దాన్ని చూపించక్కర్లేదు. కానీ ఆ జీతాన్ని నేరుగా ఇండియాలోని ఖాతాకి వేయించుకోకండి. ఇండియాలో మొదట చేతికొచ్చిన ఆదాయం ఎన్‌ఆర్‌ఐకి కూడా ఇక్కడ పన్ను పడేదే. ముందు అక్కడి ఖాతాలో పడాలి, తర్వాత మీరు ఎంతైనా ఇంటికి పంపుకోండి, దానికి ఇబ్బంది లేదు. డిప్యుటేషన్ మీద వెళ్ళి ఇక్కడి కంపెనీ నుంచే జీతం తీసుకునేవాళ్ళు ఇది తప్పక చూసుకోవాలి.

ఇండియాలో మిగిలిన ఆదాయం, అంటే అద్దె, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ, షేర్లు, మ్యూచువల్ ఫండ్లు అమ్మిన లాభం, ఇవన్నీ కలిపి పన్ను మినహాయింపు పరిమితి దాటితే రిటర్న్ తప్పనిసరి. ఆ పరిమితి పాత విధానంలో 2.5 లక్షలు, కొత్త విధానంలో 2025-26 నుంచి 4 లక్షలు. '12 లక్షల దాకా పన్ను లేదు కదా' అని మీకు ఎవరైనా చెప్తే, అది ఆ రిబేటు వల్ల, రెసిడెంట్లకు మాత్రమే. ఎన్‌ఆర్‌ఐకి 4 లక్షల తర్వాత పన్ను మొదలవుతుంది. షేర్ల మీద వచ్చే లాభానికైతే ఆ 4 లక్షల మినహాయింపును వాడుకునే వీలు కూడా లేదు, కొన్న ఏడాది లోపు అమ్మిన లాభం 50 వేలే ఉన్నా 20 శాతం పడుతుంది.

పరిమితి దాటకపోయినా రిటర్న్ వేయాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఏడాదిలో టీడీఎస్, టీసీఎస్ (కొన్ని ఖర్చుల మీద అమ్మేవాళ్ళు ముందే వసూలు చేసే పన్ను) కలిపి 25 వేలు అంతకు మించి కోస్తే వేయాలి. విదేశీ ప్రయాణానికి 2 లక్షలకు మించి ఖర్చు పెట్టినా వేయాలి, కుటుంబం మొత్తానికి టికెట్లు మీ జేబులోంచే కొంటే ఇది తేలిగ్గా దాటుతుంది. ఇలాంటివేవీ లేకపోతే చట్టప్రకారం వేయక్కర్లేదు, కానీ ఎన్‌ఆర్‌ఐ కోతలు చూస్తే మీరే వేస్తారు. ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (ఇండియాలో వచ్చే ఆదాయం వేసుకోవడానికి ఎన్‌ఆర్‌ఐలకు ఉండే ఖాతా) వడ్డీకి సెస్సుతో కలిపి 31.2 శాతం కోస్తారు, 50 వేల వడ్డీ వస్తే 15,600 పోతుంది. మీ మొత్తం ఆదాయం పరిమితి లోపే ఉన్నా అది వెనక్కి రావాలంటే రిటర్న్ ఒక్కటే దారి. ఎన్‌ఆర్‌ఈ ఖాతా (విదేశంలో సంపాదించి పంపిన డబ్బు వేసుకునేది) వడ్డీకి పన్ను లేదు. ఇల్లు అద్దెకిస్తే అద్దెకున్న వాళ్ళే అదే 31.2 శాతం కోసి ప్రభుత్వానికి కట్టాలి, చాలామంది ఇది తెలియక మామూలుగా అద్దె పంపేస్తుంటారు, ముందే వాళ్ళకి చెప్పడం మంచిది.

బ్యాంకు వాళ్ళకి చెప్పి మామూలు సేవింగ్స్ ఖాతాని ఎన్‌ఆర్‌ఓగా మార్చుకోవడం, పోర్టల్ ప్రొఫైల్‌లో నాన్ రెసిడెంట్ అని మార్చుకోవడం, ఈ రెండూ వెళ్ళిన కొన్నాళ్ళకే చేసేయండి. ఆధార్ లింక్ చేయని పాన్‌లు 2023 జులైలో పనిచేయకుండా పోయినప్పుడు ఈ రెండోది చేయనివాళ్ళు రికార్డుల్లో ఇంకా రెసిడెంట్లుగానే ఉండి చాలా టెన్షన్ పడ్డారు. దేశం వదిలే ప్రతివాళ్ళూ టాక్స్ క్లియరెన్స్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలని 2024లో వాట్సాప్‌లో తిరిగింది నమ్మకండి, అది పెద్ద బకాయిలు, తీవ్రమైన కేసులు ఉన్నవాళ్ళకేనని ప్రభుత్వమే స్పష్టం చేసింది. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి, 182 రోజుల లెక్క మాత్రం అలాగే ఉంది.

మీది రెండు దేశాల జీతం ఉన్న రిటర్న్ కాబట్టి ఈ ఒక్క ఏడాదికి ఫారం 67 ఇంతకుముందు వేసిన అనుభవం ఉన్న ఆడిటర్‌తో చేయించుకోండి, ఆ ఫీజు దండగ కాదు. వెళ్ళేటప్పుడు ఫారం 16, ఆఖరి మూడు పేస్లిప్పులు పాత కంపెనీ మెయిల్ ఐడీలో వదిలేయకుండా సొంత మెయిల్‌కి పంపుకున్నారా లేదా చూడండి.

ఇంకొకటి, మీ ఇండియా సిమ్ ఆపేయకండి. నేను రీచార్జ్ మానేసి నంబర్ పోగొట్టుకున్నాను, రిటర్న్ వేశాక ఆధార్ ఓటీపీ వచ్చే దారి లేదు, 30 రోజుల్లో వెరిఫై చేయకపోతే వేసినా వేయనట్టే. ఎన్‌ఆర్‌ఓగా మార్చినప్పుడు బ్యాంకులో ఐర్లాండ్ నంబర్ ఇచ్చి ఉన్నాను కాబట్టి నెట్ బ్యాంకింగ్ ద్వారా ఎలాగో అయింది. తక్కువ ప్లాన్ ఏదో ఒకటి వేసి రోమింగ్‌లో ఉంచుకోండి, లేదంటే ఇంట్లో అమ్మానాన్నల ఫోన్‌లో ఆ సిమ్ వేసి పెట్టండి. మీరు వెళ్ళింది ఏ దేశమో, అక్కడ పన్ను ఎంత కోస్తున్నారో కింద రాస్తే ఫారం 67లో ఏ గడిలో ఏం నింపాలో మా తమ్ముడిని అడిగి చెప్తాను.